రెండడుగుల సముద్రం

మా జిల్లాకు సముద్రం లేదు. ఏ దిక్కుకు బయల్దేరినా మూడు వందల కిలోమీటర్లు పోతేగానీ ఉప్పునీళ్లు కనపడవు. అయినా మాకు జిల్లా తీర పరిరక్షణ కార్యాలయం ఉంది. జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు ఏ జిల్లాకూ అన్యాయం జరగకూడదని, ఉన్న శాఖలన్నిటినీ అందరికీ సమానంగా పంచారు. సముద్రమున్న ఒక జిల్లాకు గుట్టల పరిరక్షణ కార్యాలయం వెళ్లిందని విన్నాను. వాళ్లు ఇప్పటికీ గుట్ట కోసం వెతుకుతున్నారట.

ఆ ఆఫీసులో నేను సూపరింటెండెంటును. ప్రతి నెలా ఐదో తేదీలోగా ప్రధాన కార్యాలయానికి నివేదిక పంపాలి. తీరరేఖ పొడవు: శూన్యం. కోతకు గురైన తీరం: శూన్యం. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలాలు: శూన్యం. తొమ్మిదేళ్లలో ఒక్క అంకె తప్పు పోలేదు. శాఖ మొత్తంలో తిమింగలాల లెక్క సరిగ్గా చూపిన జిల్లా మాదేనని ఒకసారి మెచ్చుకోలు ఉత్తరం కూడా వచ్చింది.

ఆఫీసులో మేం నలుగురం. డిప్యూటీ డైరెక్టర్ పరాంకుశంగారు మాట్లాడినా ఫైలు చదువుతున్నట్టే ఉంటుంది. కాఫీ కావాలంటే "కాఫీ నిమిత్తం తగు చర్య తీసుకోవలెను" అంటారు. అటెండర్ ఓబులేసు ఆ చర్య తీసుకుంటాడు. నాలుగో మనిషి టైపిస్టు సుంకులమ్మ. మా నలుగురిలో పని ఉన్నది ఆమె ఒక్కదానికే. ఎందుకంటే ఆమె దగ్గర అక్వేరియం ఉంది.

మామూలు అక్వేరియం కాదు, ఉప్పునీటిది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు. అడుగున తెల్లటి ఇసుక, మధ్యలో చిల్లులు పడ్డ రాళ్లు, ఆ రాళ్లమీద మెత్తని పగడాలు. పగడం అంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయి అనుకునేవాణ్ణి. ఇవి ప్రాణమున్నవి. ఒకటి పుట్టగొడుగులా గొడుగు పట్టుకుని నిలబడుతుంది. ఇంకొన్ని చొక్కా గుండీలంతేసి పువ్వులు, ఆకుపచ్చ మధ్యలో నారింజ. మరొకటి బూడిదరంగు చేతులు చాచి, పిడికిలి మూసీ తెరిచీ, మూసీ తెరిచీ, రోజంతా అదే పని. మా ఆఫీసులో విరామం లేకుండా చేతులాడించే ఉద్యోగి అదొక్కటే. వీటి మధ్య తెల్లచారల చేపలు రెండు తిరుగుతుంటాయి.

"ఇవి సముద్రంలోంచి పీకినవి కాదు సార్," అని సుంకులమ్మ మొదట్లోనే చెప్పింది. "తొట్టెల్లో ముక్కలు అంటించి పెంచినవి. బెంగళూరులో మా అక్కవాళ్ల వీధిలో ఒకాయన ఇచ్చినాడు. పెద్ద చాకిరీ ఏమీ లేదు. ఆవిరైపోయిన కొద్దీ రోజూ చెంబుడు మంచినీళ్లు పొయ్యాల. వారానికోసారి పదోవంతు నీళ్లు తీసేసి, కొత్త ఉప్పునీళ్లు కలిపి పొయ్యాల. మిగతా టైములో చెయ్యి పెట్టకుండా ఉండాల. అంతే."

"మరి ఇంట్లో పెట్టుకోవచ్చు గదమ్మా?" అన్నాను.

"మా వీధిలో కరెంటు రోజుకు నాలుగుసార్లు పోతాది. మన ఆఫీసుది పంపుహౌసు లైను, పోదు." గాజు మీద మరక తుడిచి, "ఇరవై ఏండ్లుగా ఎవురో చెప్పింది టైపు కొట్టినాను సార్. నేను చూడకపోతే బతకనిది ఒకటైనా ఉండాలనిపించింది," అంది.

అప్పుడొచ్చింది సర్క్యులర్. వరుసగా తొమ్మిదేళ్లు తీరరేఖ శూన్యంగా చూపిన కార్యాలయాలను మూసివేసి, సిబ్బందిని సముద్ర తీరంలోని కార్యాలయాలకు బదిలీ చేస్తారట. మేం వణికిపోయాం. తీర పరిరక్షణ శాఖలో చేరినవాళ్లం తీరానికి పోవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. మా ఇళ్లు ఇక్కడ, పిల్లల చదువులు ఇక్కడ, మోకాళ్ల డాక్టరు ఇక్కడ.

పరాంకుశంగారు సర్క్యులర్ పట్టుకుని ఆఫీసంతా మూడుసార్లు తిరిగారు. మూడోసారి సుంకులమ్మ బల్ల దగ్గర ఆగారు. తొట్టిలోకి వంగి చూశారు. పంపు నెడుతుంటే నీళ్లు గాజుకు తగిలి వెనక్కి వస్తున్నాయి.

"ఇవి అలలా?" అన్నారు.

"అలలే సార్, చిన్నవి," అంది సుంకులమ్మ.

"నీరు లవణ సహితమా?"

"లీటరుకు ముప్పై అయిదు గ్రాములు సార్. సముద్రంలో ఎంతో అంత."

పరాంకుశంగారు కళ్లు మూసుకున్నారు. తెరిచాక ఆయన మొహంలో ఏదో దేశాన్ని కనుక్కున్నవాడి వెలుగు కనిపించింది. "అలలు కలిగి, లవణ సహితమై, జీవరాశితో కూడిన జలభాగమును సముద్రము అందురు. ఇది మన నిర్వచనాల పుస్తకం, మూడో పేజీ. పరిమాణము గురించి అందులో ఏమీ లేదు. సూపరింటెండెంటు గారూ, టేపు."

కొలిచాను. చుట్టూ ఆరడుగులు. అంటే 1.83 మీటర్లు. ఆ నెల నివేదికలో మొట్టమొదటిసారి 'శూన్యం' అని కాక మరొకటి రాయడానికి కూర్చున్నాను. కంప్యూటరులో గడి కిలోమీటర్లది. పక్కన 'మీటర్లలో' అని వివరణ రాద్దాములే అని 1.83 కొట్టాను. ఆ గడి చుక్కను ఒప్పుకోలేదు. 183 అని తీసుకుంది. వివరణకు గడి లేదు. "మీ సముద్రం విజయవంతంగా నమోదైంది. సవరణకు అవకాశం లేదు" అని తెర మీద పచ్చక్షరాలు వచ్చాయి.

"ఏంది సార్ ఇది? నూట ఎనభై మూడు కిలోమీటర్లే!" అన్నాడు ఓబులేసు. "మన జిల్లా ఈ కొస నుంచి ఆ కొసకు పోయినా నూటా పది లేదే!"

"వంపులు తిరిగి ఉంటుంది," అన్నారు పరాంకుశంగారు.

పదిరోజుల్లో ప్రధాన కార్యాలయం నుంచి జాయింట్ డైరెక్టర్ మార్కండేయశర్మగారు తనిఖీకి దిగారు. వెంట బైనాక్యులర్లు, గొడుగు, ఈతకు వేసుకునే గాలి చొక్కా తెచ్చారు. పరాంకుశంగారు ఆయన్ని సుంకులమ్మ బల్ల దగ్గరికి తీసుకెళ్లి, "ఇదే సార్, తీరం," అన్నారు.

శర్మగారు చాలాసేపు చూశారు. మేం నలుగురం మా బదిలీ ఉత్తర్వులు మనసులో టైపు చేసుకుంటున్నాం. ఆయన నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు.

"రాష్ట్ర తీరరేఖ నూట ఎనభై మూడు కిలోమీటర్లు పెరిగినదని నేను పైకి రాసేశాను," అన్నారు. "పైవారు హర్షం వ్యక్తం చేశారు. వ్యక్తమైన హర్షాన్ని ఉపసంహరించే విధానం మన మాన్యువల్‌లో లేదు."

"లేదు సార్," అన్నారు పరాంకుశంగారు వినయంగా.

శర్మగారు చూపుడువేలు తొట్టిలో ముంచబోయారు. "క్రీము గీము రాసుకున్నారా సార్? రాసుకునింటే ముంచొద్దండి," అంది సుంకులమ్మ. ఆయన చెయ్యి కడుక్కొచ్చి ముంచి, నాలిక మీద పెట్టుకున్నారు. తర్వాత తనిఖీ పుస్తకంలో స్వహస్తాలతో ఇలా రాశారు: "తీరమును దర్శించితిని. జలము ఉప్పగా నున్నది. అలలు అదుపులో నున్నవి. జీవరాశి మర్యాదగా ప్రవర్తించినది."

మేం చప్పట్లు కొట్టాం. ఉద్యోగాలు నిలిచాయి. ఓబులేసు మిఠాయి తెచ్చాడు. అంతటితో ఆగి ఉంటే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

కానీ సముద్రం అన్నాక దానికి చట్టాలుంటాయి. ముందు మునిగేవాళ్లకు విసిరే రక్షణ టైర్లు పన్నెండు, ఒక ఎర్రజెండా పార్సిల్లో వచ్చాయి. ఆ వెనకే తీరానికి ఐదు వందల మీటర్ల లోపు నిర్మాణాలన్నీ అక్రమమని ఉత్తర్వు వచ్చింది. అన్నిటికంటే దగ్గరగా ఉన్న అక్రమ నిర్మాణం మా ఆఫీసు. పరాంకుశంగారు తమకు తామే నోటీసు ఇచ్చుకున్నారు. తర్వాత కుర్చీ మార్చుకుని కూర్చుని దానికి సంజాయిషీ రాసుకున్నారు. ఆ సంజాయిషీ తృప్తికరంగా లేదని మళ్లీ మొదటి కుర్చీలోకొచ్చి తమనే మందలించుకున్నారు.

అసలు దెబ్బ మూడో ఉత్తర్వు. 'సముద్రములోనికి బయటి నీరు వదలరాదు. సముద్ర జలమును తరలించరాదు. అనుమతి కోరువారు ఏడు శాఖల నిరభ్యంతర పత్రములు జతపరచవలెను.'

ఆ రోజు సుంకులమ్మ చెంబుతో నీళ్లు పొయ్యబోతుంటే పరాంకుశంగారు అడ్డం నిలబడ్డారు. "అమ్మా, అది కాలుష్యం."

"ఫిల్టరు నీళ్లు సార్!"

"ఫిల్టరు నీరైనా బయటి నీరే. దరఖాస్తు పెట్టుకోవలెను."

పెట్టుకుంది. ఏడు శాఖల్లో ఆరింటికి మా జిల్లాలో ఆఫీసులే లేవు. ఉన్న ఒక్కటీ మాదే. మేం మాత్రం ఏ అభ్యంతరమూ లేదని అదేరోజు ఇచ్చేశాం.

ఎండాకాలం. మూడ్రోజుల్లో తొట్టిలో నీళ్లు వేలెడు తగ్గాయి. నీళ్లు ఆవిరైతే ఉప్పు ఆవిరి కాదు కదా, మిగిలిన నీళ్లలో అది చిక్కబడుతూ వచ్చింది. గుండీ పువ్వులు ముడుచుకున్నాయి. గొడుగు వాలిపోయింది. నాలుగోరోజు పిడికిలి తెరిచీ మూసే పగడం చేతులాడించడం మానేసింది. సుంకులమ్మ టైపు మానేసింది. ఆమె ఏడవలేదు. తొట్టి ముందు కూర్చుని, చెంబు ఒళ్లో పెట్టుకుని, పరాంకుశంగారి గది తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ తలుపు పక్కనే నా కుర్చీ. ఆ చూపు నా వీపుకు గుచ్చుకుంది.

నా ఉద్యోగ జీవితంలో మొదటిసారి ఆ రోజు నేను ఒక ఉత్తర్వును పూర్తిగా, అన్ని పేజీలూ చదివాను. పదకొండో పేజీ అడుగున చిన్నక్షరాల్లో దొరికింది: 'వర్షపాతము, ఆటుపోట్లు మొదలగు ప్రకృతి సహజ చర్యలకు పై నిబంధన వర్తించదు.'

"ఓబులేసూ," అన్నాను, "నిచ్చెన ఎక్కి వాన కురిపించు."

మొక్కలకు నీళ్లు చల్లే డబ్బా ఒకటి కొత్తది కొన్నాం. ఓబులేసు నిచ్చెన మీద నిలబడి ఫిల్టరు నీళ్లు చల్లాడు. "ఉరుములు గూడా ఉండాల్నా సార్?" అని అడిగి, రేకు ప్లేటు మీద రెండు దరువులు వేశాడు. ఒక్కసారే పోస్తే వాటికి దెబ్బ అని సుంకులమ్మ హెచ్చరించడంతో రోజుకింత చొప్పున నాలుగురోజులు ముసురు పట్టించాం. నేను రిజిస్టరులో వర్షపాతం నమోదు చేశాను. శనివారం పదకొండింటికి ఆటుపోట్లు. సుంకులమ్మ మగ్గుతో నీళ్లు తీస్తే ఆటు, కలిపి ఉంచిన కొత్త ఉప్పునీళ్లు పోస్తే పోటు. ఆటుపోట్లకు చంద్రుడు కారణమని సైన్సు పుస్తకాల్లో ఉంది కాబట్టి వంతులవారీగా చంద్రుడి బాధ్యత వేసుకున్నాం. మొదటి వారం నేనే చంద్రుణ్ణి. పని పెద్దగా ఉండదు, బల్ల పక్కన నిలబడాలి.

వారం తిరిగేసరికి గొడుగు లేచింది. పిడికిళ్లు మళ్లీ మొదలెట్టాయి. పరాంకుశంగారు వచ్చి వర్షపాతం రిజిస్టరు మీద సంతకం చేస్తూ, "ఈ ఏడు వానలు సకాలంలో పడుతున్నవి," అన్నారు. ఆ మనిషికి తెలిసి అన్నారో తెలియక అన్నారో నాకు అంతుపట్టలేదు.

మే నెలలో బంగాళాఖాతంలో తుపాను పుట్టింది. తీరప్రాంత జిల్లాలన్నిటికీ ఒకే మీటతో హెచ్చరిక వెళ్తుంది. నూట ఎనభై మూడు కిలోమీటర్ల తీరంతో మా జిల్లా ఆ జాబితాలో రెండోది. తీరానికి ఐదు కిలోమీటర్ల లోపు జనాన్ని ఖాళీ చేయించాలి, కరెంటు ఆపెయ్యాలి. తీరం సుంకులమ్మ బల్ల కాబట్టి, ఐదు కిలోమీటర్లంటే ఊరు ఊరంతా.

పొద్దున తొమ్మిదికి మైకు జీపు బయల్దేరింది. "ప్రజలకు విజ్ఞప్తి! మూడు మీటర్ల ఎత్తున అలలు ఎగసిపడే అవకాశం ఉన్నది!" ఆకాశంలో తునకంత మబ్బు లేదు. నలభై మూడు డిగ్రీల ఎండ. జనం గొడుగులు వేసుకుని లారీలెక్కారు, గొడుగులు ఎండకే అనుకోండి. ఊరికి ఆరు కిలోమీటర్ల అవతల ఇంజనీరింగ్ కాలేజీలో దింపారు. అక్కడ పులిహోర పొట్లాలు, మజ్జిగ ప్యాకెట్లు. ఒక ముసలమ్మ, "ఎన్ని కరువులు చూసినా నాయనా, ఒక్క కరువుకూ ఇంత మర్యాద చెయ్యలేదు," అని మెచ్చుకుందట.

పదింటికి కరెంటు పోయింది. నేను లారీ మెట్టు మీద కాలు పెట్టి, పరాంకుశంగారి చేతిలో సిబ్బంది జాబితా చూశాను. సుంకులమ్మ పేరు దగ్గర టిక్కు లేదు. దిగిపోయాను.

ఆఫీసులో ఆమె ఒక్కతే ఉంది. పంపు ఆగింది, లైటు ఆగింది. గాజు చుట్టూ తడిగుడ్డలు చుట్టి, మగ్గుతో నీళ్లు ముంచి, జానెడు ఎత్తు నుంచి తిరిగి అందులోనే పోస్తోంది. ముంచడం, పొయ్యడం. ముంచడం, పొయ్యడం.

"నీళ్లు కదలకపోతే గాలి కలవదు సార్. చేపలు చూడండి, పైకొచ్చి నోళ్లు తెరుస్తాండాయి. ఈ ఎండకు గంట ఆపితే అన్నీ పోతాయి." పదింటి నుంచీ ఆమె చెయ్యి ఆపలేదు.

"ఇటివ్వమ్మా," అని మగ్గు అందుకున్నాను. ఓబులేసు ఎప్పుడొచ్చాడో తెలీదు, అట్టముక్కతో తడిగుడ్డలకు విసరడం మొదలెట్టాడు. నేను అరగంట, ఆమె అరగంట. ఇరవయ్యారేళ్ల సర్వీసులో నా చొక్కా చెమటతో తడవడం అదే మొదలు. ఒంటిగంటకు నా భుజం పట్టేసింది.

అప్పుడే గుమ్మంలో పరాంకుశంగారు నిలబడ్డారు. నెత్తిన తుపాను టోపీ, మెడలో విజిల్.

"ఇది నిషిద్ధ ప్రాంతం," అన్నారు. "తమరు ముగ్గురూ తక్షణం ఖాళీ చేయవలెను."

సుంకులమ్మ చెయ్యి ఆపలేదు, తల తిప్పలేదు. "మీరు ఏమన్నా రాసుకోండి సార్. నేను పోను."

ఆయన దగ్గరికొచ్చారు. తొట్టిలోకి వంగారు. చేప ఒకటి పక్కకు ఒరిగి ఈదుతోంది. ఆయన విజిల్ తీసి బల్ల మీద పెట్టారు, చొక్కా చేతులు మడిచారు.

"ఎత్తు ఎంత ఉండాలి?" అన్నారు.

"జానెడు సార్."

"నిమిషానికి?"

"ముప్పైసార్లు."

నాలుగు గంటలపాటు మా సముద్రానికి అలలు మేమే. పరాంకుశంగారు ప్రతి అలనూ పైకి లెక్కపెట్టారు. ఆయనకు అది లేకపోతే చెయ్యి ఆడదు. ఐదింటికి తుపాను ఎటో దారి మళ్లిందని కబురొచ్చింది. ఫ్యాను తిరిగింది, పంపు గురగురమంది, లైటు వెలిగింది. మేం నలుగురం నేల మీద కూలబడి గాజులోకి చూస్తున్నాం. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక బూడిదరంగు పిడికిలి తెరుచుకుంది. మూసుకుంది. తెరుచుకుంది.

"ఆయ్!" అని కేక పెట్టారు పరాంకుశంగారు. అది ఏ మాన్యువల్‌లోనూ లేని మాట.

తుపానులో ఒక్క ప్రాణనష్టమూ, ఒక్క గుడిసె నష్టమూ లేని ఏకైక తీర జిల్లాగా మాకు ప్రశంసాపత్రం వచ్చింది. దాంతోపాటు మరో ఉత్తర్వు: సదరు సముద్రాన్ని శాశ్వత ప్రాతిపదికన ప్రభుత్వ ఆస్తిగా ప్రకటించారు. సుంకులమ్మ తన తొట్టి తనకు ఇప్పించమని దరఖాస్తు పెట్టింది. 'సముద్రమును వ్యక్తులకు బదలాయించు నిబంధన లేనందున తిరస్కరించడమైనది' అని పరాంకుశంగారే సంతకం చేశారు. చేసిన రోజు మధ్యాహ్నం ఆయన అన్నం తినలేదు.

సుంకులమ్మ ఆ కాగితం మడిచి సొరుగులో పెట్టింది. పదునైన కత్తెర తీసి, చేతులు కడుక్కుని, తొట్టిలోకి దించింది. గొడుగు అంచున గోరంత ముక్క. గుండీ పువ్వులు నాలుగు. పిడికిళ్ల కొమ్మ ఒకటి. ఒక్కో ముక్కనూ చిన్న రాయికి జిగురుతో అంటించింది.

"ఇట్ల తీసినందుకు వాటికేం కాదు. ఇంకా గుబురుగా వస్తాయి. మీ ఉత్తర్వులో నీళ్లున్నాయి, చేపలున్నాయి, ఇసుకుంది. కత్తెర ఉందా సార్?" అని నన్నడిగింది.

అన్ని పేజీలూ చదివినవాణ్ణి కాబట్టి ధైర్యంగా చెప్పాను. "లేదు."

చిన్న ముక్కకు చిన్న సీసా చాలు, దానికి బ్యాటరీ పంపు చాలు. ఆమె ఇంట్లో ఒకటి పెట్టుకుంది. నాకొకటి ఇచ్చింది, ఓబులేసుకొకటి. "పెద్దసారుకు ఇయ్యాల్నా?" అని ఓబులేసు అడిగితే కత్తెర తుడిచి సొరుగులో పెట్టింది. మర్నాడు మాత్రం ఆయన బల్ల కింద కాగితం చుట్టిన గాజుసీసా ఒకటుంది. సాయంత్రానికి లేదు. ఆయన సంచి బరువుగా ఉంది.

తర్వాతి ఆదివారం పొద్దున, వారానికోసారి మార్చే ఉప్పునీళ్ల కోసం నేను సుంకులమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె బకెట్లో ఉప్పు కలుపుతోంది. వీధి చివర ఆటో ఆగింది. పరాంకుశంగారు దిగారు. అటూ ఇటూ చూసి, చేతిసంచి గుండెకు హత్తుకుని గబగబా లోపలికొచ్చి తలుపు మూశారు. నన్ను చూసి ఒక్కక్షణం తడబడ్డారు. ఆ తర్వాత, అక్రమ సముద్రం ఉన్నది నా ఒక్కడికే కాదులే అనుకున్నారేమో, సీసా తీసి బల్ల మీద పెట్టారు.

"సుంకులమ్మా, నాది ముడుచుకుంది," అన్నారు. "రెండ్రోజులైంది. నిద్ర పట్టలేదు. చచ్చిపోతుందా?"

ఆమె వంగి పైనుంచి చూసింది, పక్కనుంచి చూసింది. "దీన్నేం చేసినారు సార్?"

"ఏమీ చెయ్యలేదమ్మా. ప్రమాణపూర్తిగా. చెంచాడు నీళ్లు తప్ప."

"కోసిన కొత్తలో అలిగి ముడుచుకుంటాయి, అంతే. ఇంకో నాలుగురోజులు చెంచాడు నీళ్లు పోసి, ఇంకేమీ చెయ్యకుండా ఉండండి. ముట్టుకోకండి, కదిలించకండి, ఏమైందో అని తీసి చూడకండి. ఏమీ చెయ్యొద్దు. చేతనైతాదా?"

పరాంకుశంగారి మొహం మీంచి దిగులంతా ఒక్కసారిగా దిగిపోయింది. వెన్ను నిటారుగా పెట్టి, ముప్పైయేళ్ల సర్వీసు గొంతులో పలుకుతుండగా అన్నారు:

"అది నాకు వచ్చమ్మా."